గాయానికి అన్నం

దస్తగిరమ్మకు ఒళ్లు తగ్గింది గాని చర్మం తగ్గలేదు. రెండేళ్లలో మనిషి సగమైంది. పొట్ట మీది చర్మం మాత్రం మడతలు పడి తొడల మీదికి వేలాడేది. ఎండాకాలం ఆ మడతల కింద ఒరుసుకుని పుండ్లు పడేవి. నమాజులో వంగినప్పుడల్లా చురుక్కుమనేవి.

పట్నంలో డాక్టరు ఆ చర్మం కోసి తీసేస్తానన్నాడు. అది చిన్న పని కాదని కూడా చెప్పాడు. కుట్లు విడిపోవచ్చు. చర్మం కింద నీరు చేరొచ్చు, చీము పట్టొచ్చు. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. ఇంత కోత మానాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి, కొన్ని నెలలు పప్పు, గుడ్డు, మాంసం బాగా తినమన్నాడు. మొన్న వెళ్లినప్పుడు తింటున్నావా అని అడిగితే తింటున్నానంది. ఆయన నమ్మి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు.

తేదీ దగ్గరపడేకొద్దీ ఆమెకు నిద్ర కరువైంది. తనకేమైనా అయితే? కూతురికి ఇంకా జడ వేసుకోవడం కూడా రాదు.

గురువారం మధ్యాహ్నం దర్గా వెనక ఇంట్లో ఉండే ఇమాంబీ దగ్గరికి వచ్చింది. దేవుణ్ణి తలుచుకోవడం ఆమెకు నేర్పిన గురువు ఇమాంబీయే.

"నాకేమీ కాకూడదని దువా చెయ్యండమ్మా."

డాక్టరు ఏమేం చెప్పాడో మొదటి నుంచీ చెప్పమంది ఇమాంబీ. దస్తగిరమ్మ అన్నీ చెప్పింది. తిండి సంగతి వచ్చేసరికి నవ్వేసింది. రంజాన్ వెళ్లినా తాను పగలంతా ఏమీ ముట్టని ఒక్కపొద్దులు ఆపలేదని, అది డాక్టరుకు తెలియనక్కర్లేదని అంది.

"మీరు గురువారాలే ఉంటారు గదమ్మా. నేను రోజూ ఉంటున్నా." ఆ మాట కాస్త గర్వంగానే అంది.

ఇమాంబీ ఆమె చెయ్యి పట్టుకుని చూసింది. గోళ్లు పాలిపోయి ఉన్నాయి.

"దేవుని కోసమేనా తల్లీ?"

దస్తగిరమ్మ చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. ఇమాంబీ వదల్లేదు.

"తింటే ఆ పాత ఒళ్లు మళ్లీ వస్తుందేమోనని భయమమ్మా."

ఇమాంబీ లోపలికి కేకేసి, ఒక కంచంలో అన్నం, గుడ్ల పులుసు తెమ్మంది. వంట చూసే పీరమ్మ కంచం తెచ్చి దస్తగిరమ్మ ముందు పెట్టబోయింది. ఇమాంబీ తన ముందుకు జరుపుకుంది.

"ఈరోజు గురువారమక్కా," అంది పీరమ్మ. "ఎండకు తిక్కగానీ పట్టిందా ఏంది?"

ఆమె అలా అనడంలో వింత లేదు. పెళ్లి కాకముందు నుంచీ ఇమాంబీ గురువారం ఒక్కపొద్దు విడిచింది లేదు. జ్వరంతో మంచం పట్టినప్పుడు కూడా ఆమెకు గుక్కెడు నీళ్లు తాగించడం పీరమ్మ వల్ల కాలేదు.

ఇమాంబీ అన్నం కలిపింది. మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలి మింగింది. రెండో ముద్ద దస్తగిరమ్మ నోటి ముందు పట్టుకుంది.

"అమ్మా, నాకోసం మీ ఒక్కపొద్దు..."

"నాది వచ్చే వారమైనా ఉండొచ్చు. నీ గాయానికి ఇప్పుడే అన్నం కావాలి."

దస్తగిరమ్మ నోరు తెరిచింది. నములుతుంటే కళ్లు నిండాయి. ఇంకో రెండు ముద్దలు తిన్నాక, చిన్నపిల్లలా అడిగింది.

"ఇంక నాకేమీ కాదు గదమ్మా?"

"అది నాకు తెలీదు తల్లీ. ఆకలితో మాత్రం నిన్ను ఆ ఆపరేషన్ బల్ల ఎక్కనివ్వను."

పీరమ్మ తలుపు పక్కకు తిరిగి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

దస్తగిరమ్మ సంచిలోంచి ఫోను తీసి ఆస్పత్రికి చేసింది. డాక్టరుతో మాట్లాడాలంది. ఆయన గొంతు వినపడగానే లేచి నిలబడింది.

"సార్, మీకు అబద్ధం చెప్పాను. నేను తినడం లేదు."

అవతల ఆయన ఒక్కొక్కటే అడుగుతున్నాడు. ఈమె దాచకుండా చెబుతోంది. ఇమాంబీ ఇంకో ముద్ద కలిపి, ఆ మాటలు పూర్తయ్యేదాకా చేతిలో పట్టుకుని కూర్చుంది.