పెట్టెకు గాలాడాలి

సిరిసిల్లలో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే ఖలీల్ ఉస్తాద్ దగ్గర నరహరి పని నేర్చుకుంటున్నాడు. పని వచ్చినవాడే. ఆ మాట ఊరి కంటే ముందు తనే చెప్పుకునేవాడు.

వాళ్ల దగ్గర శవాలను ఉంచే ఫ్రీజర్ పెట్టె ఒకటి ఉంది. పాతది, కరెంటు తాగేది. నరహరి దాన్ని విప్పి, జాలీలో దుమ్మంతా కడిగి, గ్యాస్ సరిచేసి సగం కరెంటుకే గడ్డకట్టేలా చేశాడు.

"ఇగ కొత్త పెట్టెలు దీని ముందట దిగదుడుపే, ఉస్తాద్."

ఉస్తాద్ పానాలు సంచిలో సర్దుకున్నాడు.

ఆ ఎండాకాలమే పెట్టె లచ్చవ్వ ఇంటికి వెళ్లింది. బట్ట నేసే సాంచాల షెడ్డులో కరెంటు కొట్టి ఆమె కొడుకు భాస్కర్ పోయాడు. అతని అక్క భివండి నుంచి బయల్దేరింది, సాయంత్రానికి గానీ రాదు. అంతవరకూ శవం నిలవాలి.

మధ్యాహ్నానికి చల్లదనం తగ్గిపోయిందని ఫోన్ వచ్చింది. ఇద్దరూ పరుగెత్తారు. మోటారు వేడెక్కి ఆగి ఆగి నడుస్తోంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు పెట్టె మీద దండలు గుట్టపోశారు. కాళ్ల వైపు, వేడి బయటికి పోయే జాలీకి వీపు ఆన్చి లచ్చవ్వ కూర్చుంది. వీపుకు అంత వేడి తగులుతున్నా ఆమెకు తెలియడం లేదు.

నరహరి దండలు తీసి పక్కన పెట్టాడు.

"అవ్వా, జర జరుగు. గాలి ఆడుతలేదు."

ఆమె కదల్లేదు.

"నువ్వు గిట్లనే కూసుంటే లోపల పీనుగ పాడైతది!"

ఏడ్చేవాళ్లు కూడా ఏడుపు ఆపి అతని వంక చూశారు. అక్కడ అనదగ్గ మాట కాదది. లచ్చవ్వ పెట్టెను ఇంకా గట్టిగా ఆనుకుంది. నరహరికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఉస్తాద్ గోడకున్న విసనకర్ర తీసుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఈ జాలీలకెల్లి వేడి కొడుతుంది. పిల్లగానికి ఉడుకపోస్తది. జర విసురుతవా?"

లచ్చవ్వ విసనకర్ర అందుకుంది. తర్వాత జాలీకి ఎడంగా జరిగి, ఇటు తిరిగి విసరడం మొదలుపెట్టింది.

"వీనికి ఎండాకాలం పడది సాయబూ. పుట్టినకాంచి గంతే" అంది.

కాసేపటికి మోటారు మోత సర్దుకుంది. పెట్టె మళ్లీ చల్లబడింది. కూతురు వచ్చి తమ్ముడి ముఖం చూసుకునేదాకా లచ్చవ్వ చేతులు మార్చుకుంటూ విసురుతూనే ఉంది. ఎవరు అడిగినా విసనకర్ర ఇవ్వలేదు.

శవం లేచాక ఖాళీ పెట్టెను ఆటోలో వేసుకుని వెనక్కి వస్తున్నారు. నరహరికి ఒక్కటి మింగుడుపడలేదు.

"ఆమె జరిగినందుకే గాలాడింది, ఉస్తాద్. ఆ విసురుడుతోని మిషన్‌కు అయ్యేదేంది?"

"మిషన్‌కని నేనన్ననా?" అన్నాడు ఉస్తాద్.