నక్క పేరున కట్ట

చీకటికోన అడవిలో సింహంగారి సర్కారు వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయించింది. గుత్తకు తీసుకుని కట్టింది కొమ్మన్న అనే ఎద్దు. ఎండాకాలంలోనూ నీళ్లు నిలిచేసరికి జింకలు, కుందేళ్లు అన్నీ దాన్ని 'కొమ్మన్న కట్ట' అనసాగాయి.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా కూతలయ్యకు కడుపు రగిలిపోయేది. కూతలయ్య సర్కారు కచేరీలో గుమాస్తా నక్క. 'ఇన్నేళ్లుగా ఫైళ్లన్నీ నా చేతిమీదుగానే నడుస్తున్నాయి. నా పేరున కనీసం ఒక బురదగుంటైనా లేదే! మట్టి మోసిన ఎద్దుకి ఇంత వైభోగమా?'

ఒకనాడు కొమ్మన్న వచ్చాడు. "గుమాస్తాగారూ, పని పూర్తయింది. మీరొచ్చి చూస్తే మట్టి తీసిన గుంతలు కూడా పూడ్చేసి అప్పగిస్తాను. ఈ ఫైలు మూస్తేగాని నాకు కొత్త పని ఇవ్వరట."

"కొలతలు సరిచూడాలి. రేపు రా."

మర్నాడు ముద్ర కనబడలేదన్నాడు. ఆ తర్వాత వారం బాగాలేదన్నాడు. కచేరీ చూరులోని ఉడుత నవ్వింది. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు, కొమ్మన్న బావా!"

కొమ్మన్న మొహం వాడిపోవడం చూసి నక్క ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి జరిగి గుసగుసగా అన్నాడు. "ఒక దారుంది. గుత్తదారు పేరు దగ్గర నా పేరు రాయించు. ఈ పూటే నీకు విముక్తి."

కొమ్మన్న నెమరు ఆపి అడిగాడు. "పేరొక్కటే చాలా, పనంతా మీదేనంటారా?"

"పనంతా నాదే!"

"అయితే దంతప్పగారి ముందు ఆ మాటే అనండి."

దంతప్ప అంటే పనులు చూసే ఏనుగు అధికారి. తన ముందుకొచ్చిన ఇద్దర్నీ ఎగాదిగా చూసి అడిగాడు. "ఏం కూతలయ్యా, ఆ కట్ట నీదేనా?"

"నాదేనయ్యా!" అన్నాడు నక్క ఛాతీ విరిచి.

"వారిదేనండీ," అన్నాడు ఎద్దు.

"మంచిది. కొమ్మన్నా, నువ్వు వెళ్లి కొత్త పని చూసుకో. కూతలయ్యా, గుంతలు పూడ్చు, మిగిలిన రాళ్లు ఎత్తించు. ఈ వానాకాలం గండి పడకుండా కాపలా కాయి. అప్పుడే నీ ఫైలు మూత."

గుత్తదారు మీద ఉండే ఆ షరతులన్నీ నక్కకు కంఠతా వచ్చినవే. ఓర్వలేనితనం కమ్మేసి ఒక్కటీ గుర్తు రాలేదు. ఇప్పుడు కాదంటే అబద్ధం బయటపడి కొలువు పోతుంది.

వానలు దిగాయి. నిలువెల్లా బురదతో కూతలయ్య ఒక బుంగ పూడిస్తే పక్కన మరొకటి పడేది. ఒడ్డున జింకలు గోల పెట్టాయి. "నక్క కట్ట కారుతోంది! ఏం గుత్తదారయ్యా నువ్వు!"

కోరుకున్న పేరే అది. ఒక్కసారి ఎవరైనా 'కొమ్మన్న కట్ట' అంటే బాగుండునని నక్క చెవులు రిక్కించాడు. ఎవరూ అనలేదు.

ఒకరి పేరు నెత్తికెత్తుకుంటే, వాళ్ల బరువూ నెత్తికెక్కుతుంది.