బుడగవ్వ రెండు పేటల గొలుసు

ఒకప్పుడు, సముద్రంలో చేపలు కూడా పుట్టని రోజుల్లో, బుడగవ్వ అని ఒక కణం ఉండేది. ఆమె కడుపులో మెలితిరిగిన రెండు పేటల పూసల గొలుసు ఉండేది. ఎలా తినాలి, ఎలా ఈదాలి అన్న సంగతులన్నీ ఆ పూసల వరుసలోనే ఉండేవి. ఆ గొలుసునే మనం డీఎన్‌ఏ అంటాం.

పూసలు నాలుగు రకాలు: అడినీన్, థైమీన్, గ్వానీన్, సైటోసీన్. మందు సీసాల పేర్లలా ఉన్నాయా? నేను పెట్టలేదు బాబూ! ఈ పేటలో అడినీన్ ఉంటే, ఆ పేటలో దాని చెయ్యి పట్టుకుని థైమీన్ ఉండాల్సిందే. గ్వానీన్‌కి సైటోసీనే కావాలి. మహా మొండిఘటాలు.

తినీ తినీ బుడగవ్వ ఉబ్బిపోయింది. నడుం దగ్గర నొక్కుపడి, ఇద్దరు కూతుళ్ళుగా విడిపోసాగింది. గొలుసు మాత్రం ఒక్కటే!

"పెద్దదాన్ని నేను. గొలుసు నాది," అంది ఎడమ కూతురు.

"ఇద్దరం ఇంకా పూర్తిగా పుట్టనేలేదు. నువ్వెప్పుడు పెద్దదానివయ్యావే?" అంది కుడి కూతురు.

"గొలుసు దక్కనిదానికి బతకడమే తెలీదు కదే తల్లీ!" అని బుడగవ్వకి బెంగ పట్టుకుంది. చివరికి, "చెరిసగం తీసుకోండి," అంటూ గొలుసుని అడ్డంగా తెంపింది.

ఇంకేముంది! ఎడమదానికి తినడం తప్ప ఇంకేం రాదు. కుడిదానికి ఈదడం తప్ప ఇంకేం రాదు. "అమ్మా, ఆకలి! నా నోరెక్కడ?" అని కుడిది గోల పెడుతూ, తింటున్న ఎడమదాన్ని కూడా ఈడ్చుకుపోతోంది.

బుడగవ్వ గబగబా ముక్కలు అతికించేసింది. ఈసారి మెలి విప్పి, గొలుసుని నిలువునా రెండు పేటలుగా విడదీసింది.

జోడీ చెయ్యి వదిలిన పూసలన్నీ ఏడుపు లంకించుకున్నాయి. పాపం, ఏడుపు రాదూ మరి! ఆ ఏడుపు విని, కడుపులో ఊరికే తేలుతున్న విడి పూసలు పరుగెత్తుకొచ్చాయి. ఒక గ్వానీన్ వచ్చి అడినీన్ చెయ్యి పట్టుకోబోయింది.

"పో అవతలికి! నాకు థైమీనే కావాలి," అంది అడినీన్.

"అబ్బో, నీ మొహానికి నేనే ఎక్కువ," అంటూ గ్వానీన్ సైటోసీన్‌ని వెతుక్కుంటూ పోయింది.

అలా ప్రతి పూసా పట్టుబట్టి తన జోడీనే పట్టుకునేసరికి, రెండు పాత పేటల పక్కనా చెరో కొత్త పేట తయారైంది. చూస్తే రెండు గొలుసులు! ఒక్క పూస కూడా తేడా లేదు.

చెరో గొలుసుతో కూతుళ్ళు విడిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ లేదు. ఇద్దరికీ దుఃఖం పొంగుకొచ్చింది.

"అమ్మ ఏదే?" అంది కుడిది.

ఎడమది తన గొలుసు తడుముకుంది. "ఇదిగో, నా దాంట్లో ఒక పేట అమ్మదే."

"అరె, నా దాంట్లోనూ!"

ఈసారి ఇద్దరూ పోట్లాడుకోలేదు.

అప్పటినుంచే, ఒక కణం రెండయ్యే ముందు గొలుసు నిలువునా విడిపోతుంది. పుట్టిన ప్రతి కూతురికీ ఒక కొత్త పేట, ఒక అమ్మ పేట దక్కుతాయి.