అసిరమ్మ తప్పిన కన్ను

సముద్రం ఇప్పుడున్న చోటికి నాలుగు తాటిచెట్ల దూరం అవతల ఉన్న రోజుల్లో ఒక ఊరుండేది. పేరున్న ఊరే. కథలో ఆ పేరు పలకరు. వినేవాళ్ళు ఎవరి ఊరు వాళ్ళు అనుకుంటే చాలు.

ఆ ఊళ్ళో వల అల్లేది ఆడవాళ్ళు. లాగేది అందరూ. ఊరంతటికీ ఒకటే పెద్దవల. అందులో ఇంటికో ముక్క. వానలు వెళ్ళి సముద్రం నెమ్మదించాక, ఒక మంచిరోజు చూసి, ఇంటింటి ముక్కా తెచ్చి కలిపి కుట్టేవారు. ఏ ఇంటి ముక్క ఆ ఇంటి చేతులే అల్లాలి. ముక్క ఇచ్చిన ఇంటికి తాడు మీద చోటు. తాడు పట్టిన ఇంటికి చేప. వరసగా రెండేళ్ళు ముక్క ఇవ్వలేదా, ఆ చోటు ఇంకొకరిది.

ఆ ఊళ్ళో కాసులమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాడు. ఇంట్లో తనూ, పదేళ్ళ కూతురు పైడీ. కాసులమ్మ పనిమంతురాలు. ఇరవై ఏళ్ళు అల్లింది. అయితే కళ్ళు మసకబారాయి. దూరం కనబడేది, దగ్గర కనబడేది కాదు. సముద్రం కనబడేది, తన వేళ్ళు కనబడేవి కాదు. పోయినేడు ఆమె తెచ్చిన ముక్కని వలపెద్ద దానయ్య చేత్తో తడిమి, మడిచి, మళ్ళీ ఆమె చేతుల్లోనే పెట్టాడు.

"కన్నుకో కొలత ఉందమ్మా ఇందులో," అన్నాడు.

వలలో గడిని కన్ను అంటారు. అన్ని కళ్ళూ ఒక్క కొలతన ఉండాలి. లేకపోతే వల ఉండీ లేనట్టే.

అలా ఒక ఏడు పోయింది. ఇక మిగిలింది ఈ ఏడే. ఇంట్లో మిగిలిన చేతులు పైడివే.

కాసులమ్మ కూతుర్ని కూర్చోబెట్టింది. దారం చుట్టిన కండె కుడిచేతికి ఇచ్చింది. కన్ను కొలిచే వెదురుబద్ద ఎడమచేతికి ఇచ్చింది.

"బద్ద మీంచి తే. పైకంట్లోంచి తియ్యి. వెనకనుంచి చుట్టు. బిగించు."

పిల్ల తప్పింది. మళ్ళీ చెప్పింది. మళ్ళీ తప్పింది. మూడోసారి తప్పేసరికి కాసులమ్మకి తాడూ, దాని మీద తమది కాని చోటూ కనబడ్డాయి. బద్ద లాక్కుని పిల్ల వేళ్ళ మీద ఒక్కటి వేసింది.

ఒక్కటే. పెద్ద దెబ్బ కూడా కాదు. పిల్ల ఏడవలేదు. కానీ ఆ రోజు నుంచి కండె చూస్తే పైడి వేళ్ళు ముడుచుకునేవి. అన్నం తినేటప్పుడు బాగానే ఉండేవి. జడ అల్లుకునేటప్పుడు బాగానే ఉండేవి. కండె చూస్తే నత్త గుల్లలోకి పోయినట్టు లోపలికి పోయేవి.

ఆ ఒక్క దెబ్బ ఎక్కడ తగిలిందో కాసులమ్మకి అర్థం కాలేదు. పిల్లని ఆడపడుచు చిన్నాలు దగ్గరికి పంపింది.

చిన్నాలంత వేగంగా అల్లేవాళ్ళు ఆ తీరాన లేరు. "చూడు" అని నలభై కళ్ళు అల్లేసింది. "చూశావు గదా, ఇప్పుడు నువ్వు," అంది. పైడి చూసింది. ఆ పిల్లకి కనబడిందల్లా మేనత్త వేగమే. వేళ్ళు ఇంకాస్త లోపలికి పోయాయి. మూడు రోజులకి చిన్నాలు, "వదినా, నీ కూతురు బండరాయి. మా ఇంట్లో రాళ్ళు చాలానే ఉన్నాయి," అని తెచ్చి దింపేసింది.

కాసులమ్మ పిల్లని గున్నమ్మ దగ్గరికి పంపింది. గున్నమ్మకి పిల్లలంటే ప్రాణం. ముడి వేస్తే బెల్లంముక్క. ఇంకో ముడికి ఇంకో ముక్క. పైడి వేళ్ళు కాస్త విచ్చుకున్నాయి. ముడులు పడ్డాయి. లాగితే జారాయి. బెల్లం నోట్లో పడ్డాక ముడి ఉంటే ఏటి, ఊడితే ఏటి? మూడు రోజులకి బెల్లం అయిపోయింది. ముడులూ అయిపోయాయి.

కొడితే రాలేదు. చూపిస్తే రాలేదు. తినిపిస్తే రాలేదు. నాలుగో దారి ఏముంటుందో కాసులమ్మకి తోచలేదు.

ఆ ఊరి ఒడ్డున అసిరమ్మ అని ఒక ముసలామె ఉండేది. ఊరు ఆమెని అతుకుల అసిరమ్మ అనేది. చిరిగిన వలలు అతికి, ఇచ్చింది తిని, తిరగేసిన పడవ నీడలో కూర్చునేది. ఆమెకి సొంత ముక్క లేదు. తాడు మీద చోటు లేదు. మతిమరుపు మనిషి. తలకి గుడ్డ చుట్టుకుని ఆ గుడ్డ కోసం ఒడ్డంతా వెతికేది. ఊరు నవ్వేది. ఆమె కూడా నవ్వేది. ఆమె దగ్గరికి ఎవరూ ఏదీ నేర్చుకోడానికి పోలేదు. కాసులమ్మ కూడా పంపలేదు. పైడే పోయింది. అక్కడైతే తన చేతికి కండె ఇచ్చేవాళ్ళు ఉండరని పోయింది.

కూతుర్ని వెతుక్కుంటూ వచ్చి కాసులమ్మ పడవ వెనక ఆగింది. ఇద్దరూ అవతల ఉన్నారు. అసిరమ్మ అల్లుతూ అల్లుతూ ఆగింది.

"పిల్లా, ఇక్కడిదాకా వచ్చాను. ఇక్కడినుంచి దారి మర్చిపోయాను. బద్ద మీంచి తెచ్చాను. తరవాత ఏటి?"

అసిరమ్మ తొందరపెట్టలేదు. దారం పట్టుకుని అలాగే కూర్చుంది. ఒక కెరటం వచ్చి పోయింది. రెండో కెరటం వచ్చి పోయింది. మూడో కెరటానికి పైడి నోరు విప్పింది.

"పైకంట్లోంచి తియ్యాలి మామ్మా."

"అవునా. నేను కిందది అనుకున్నాను సుమీ." అని కిందదాంట్లోంచే తీసింది.

"కింద కాదు, పైన."

"పైనంటే ఎక్కడో. వేలు పెట్టి చూపించు."

పైడి వేలు చాపింది.

పడవ వెనక కాసులమ్మ చెక్కని గట్టిగా పట్టుకుంది. అది సంతోషమో భయమో ఆమెకే తెలియలేదు. అలాగే వెనుదిరిగి ఇంటికి పోయింది.

రెండో రోజు వచ్చి విన్నది. "ఇక్కడిదాకా వచ్చాను. ఇక్కడినుంచి దారి మర్చిపోయాను," అంటోంది అసిరమ్మ. "నీకు చెప్పడం చేతకాదు గానీ, ఇలా తెచ్చి చేసి చూపించు," అంటోంది. పైడి కండె తీసుకుంది. కన్ను పడింది. పెద్దది పడింది.

తప్పన్న మాట అసిరమ్మ నోట్లోంచి రాలేదు. ఆ కన్ను ఎత్తి సముద్రానికి అడ్డంగా పట్టింది.

"ఇందులోంచి ఎవరు పోతారే?"

పైడి తల వంచి చూసింది. "నెత్తళ్ళు పోతాయి. కవళ్ళు కూడా పోతాయి."

"వాటికంటే పెద్దది, కానాగంత?"

"అది ఆగుతుంది. ఆగదేమో. మొప్పల దాకా వచ్చి జారిపోద్ది."

"మరి పోనిద్దామా?"

"వద్దు," అని పైడి తనే విప్పింది. మళ్ళీ కట్టింది. అసిరమ్మ ముడి పట్టుకుని గట్టిగా లాగింది. "ఇది జారదు," అంది. మెచ్చుకోలు అంతే. "ఇవాళ్టికి మూడు కళ్ళు చాలు. నాలుగోది రేపటిదాకా ఆకలితో ఉండనీ."

మూడో రోజు కాసులమ్మ ఉండబట్టలేక పడవ ఇవతలికి వచ్చింది.

"అత్తా, నా కూతురికి నేర్పుతున్నావా?"

"నేనా? నాకు వస్తే గదా. పిల్లే పాపం, విసుక్కోకుండా చెబుతోంది నాకు."

"నా తల్లి నాటి నుంచి ఊరి వలలన్నీ నువ్వే అతుకుతున్నావు. నీకు ముడి రాదా?"

"వస్తది. పోతది."

"నిజం చెప్పు. తెలిసి తప్పుతున్నావా, తెలియక తప్పుతున్నావా?"

అసిరమ్మ చేతిలో పని ఆపింది. ముడి ఒకసారి లాగి చూసింది.

"నాకూ అదే అనుమానం," అంది.

కాసులమ్మ ఇంటికి పోయి కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. పైడి తింది. "ఎలా ఉందే?" అంటే, "ఉప్పు మరీ బిగిసింది. ఇందులోంచి ఎవరూ పోరమ్మా, ఎవరూ రారు," అంది. చాలా రోజుల తరవాత ఆ ఇంట్లో నవ్వు వినబడింది.

పైడి తమ ఇంటి ముక్క అక్కడే మొదలుపెట్టింది. అది పెరిగింది. జానెడయ్యింది, మూరెడయ్యింది, బారెడయ్యింది. రోజూ సాయంత్రం పైడి పని ముగించాక, ఆ చివర అసిరమ్మ ఒక కన్ను అల్లేది. అది తప్పుకన్నే. పొద్దున్నే పైడి పరిగెత్తుకుంటూ పోయేది. ఇవాళ ఎక్కడ తప్పిందో, ఎలా తప్పిందో ముసలామెకి చెప్పేది. చెప్పి, విప్పి, సరిగ్గా కట్టి, ఆ పైనే తన పని. పిల్లని నిద్ర లేపే పని కాసులమ్మకి లేకుండా పోయింది. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. చెప్పేవాళ్ళు తప్పడం, నేర్చేవాళ్ళు దిద్దడం ఆమె ఎక్కడా చూడలేదు. దీన్ని నేర్పడం అంటారో, ఇంకేదైనా అంటారో.

వల కలపడానికి మూడు రోజులుందనగా పైడి ముక్క పూర్తయ్యింది. ఆ సాయంత్రం కూడా అసిరమ్మ చివర ఒక కన్ను అల్లింది.

"ఎక్కడ తప్పానో రేపు చెబుతావా?"

"రేపు చెబుతాను మామ్మా."

తెల్లారేసరికి అసిరమ్మ లేదు. పడవ నీడలో తలగుడ్డ చుట్టుకుని పడుకున్నట్టే పోయింది.

ఊరు కాస్త ఏడ్చింది, కాస్త నవ్వింది, సాగనంపింది. పైడి ఏడవలేదు, నవ్వలేదు. ముక్క మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

వల కలిపే రోజు వచ్చింది. ఇంటింటి ముక్కా ఇసక మీద పరిచారు. దానయ్య ఒక్కొక్కటీ తడుముతూ కాసులమ్మ ఇంటి ముక్క దగ్గరికి వచ్చాడు. మొదలు నుంచి తడిమాడు. తల ఊపాడు. నడుమ తడిమాడు. తల ఊపాడు. చివర అతని వేలు ఆగింది.

"ఇదేటమ్మా?"

"అది మామ్మది," అంది పైడి.

"మీ ఇంటి చెయ్యి కాదన్న మాట. పైగా తప్పుకన్ను. విప్పి కట్టు పిల్లా. పొద్దు వాలేలోగా కట్టు. లేకపోతే ఈ ఏడూ మీ ముక్క లేనట్టే."

"విప్పను."

"ఎందుకూ?"

"ఎక్కడ తప్పిందో చెబుతానన్నాను. చెప్పలేదింకా. చెప్పకుండా ఎలా విప్పను?"

చిన్నాలు, "బండరాయని నేను ముందే అన్నాను," అంది. గున్నమ్మ కొంగులోని బెల్లం తీసింది. పైడి అటు చూడలేదు. పొద్దు వాలుతోంది.

కాసులమ్మ చెయ్యి తనకి తెలియకుండానే బద్ద మీదికి పోయింది. ఇసక మీద నుంచి బద్ద తీసింది. ఊరంతా ఆమె కేసే చూసింది. దగ్గరున్న కూతురి వేళ్ళు ఆమెకి కనబడలేదు. కనబడకపోయినా, అవి ముడుచుకున్నాయని తెలిసింది.

అలా బద్ద పట్టుకుని నిలబడింది. కొట్టాలా, బతిమాలాలా, తాడు వదులుకుని ఇంటికి పోవాలా. ఒక్కటీ తెలియలేదు. ఆఖరికి ఇసకలో కూర్చుని, బద్ద కూతురి చేతిలో పెట్టింది. కండె తను తీసుకుంది.

"నాకు కనబడదు పైడీ. ఇక్కడిదాకా వచ్చాను. ఇక్కడినుంచి దారి తెలియడం లేదు. నువ్వు చెప్పు."

ఒక కెరటం వచ్చి పోయింది. రెండో కెరటం వచ్చి పోయింది. కాసులమ్మ తొందరపెట్టలేదు. మూడో కెరటానికి పైడి అమ్మ వేలు పట్టి ఆ కంటి మీద పెట్టింది.

"మామ్మ ఇక్కడ తప్పింది. పైది వదిలేసి పక్కదాంట్లోంచి తీసింది. ముందు ఈ ముడి విప్పు."

విప్పింది.

"బద్ద మీంచి తే."

తెచ్చింది.

"తియ్యి."

కాసులమ్మ తీసింది. బిగించింది. బిగించగానే వేళ్ళకి తెలిసిపోయింది, తీసింది కిందదాంట్లోంచని. బద్ద ఎదుట ఉంది, కూతురి చేతిలో ఉంది. కాసులమ్మ వేళ్ళు వాటంతట అవే ముడుచుకున్నాయి. ఆ ఒక్క దెబ్బ ఎక్కడ తగిలిందో అప్పుడు ఆమెకి తెలిసింది.

పైడి బద్ద పక్కన పెట్టింది. ఆ కన్ను ఎత్తి సముద్రానికి అడ్డంగా పట్టింది.

"ఇందులోంచి ఎవరు పోతారమ్మా?"

"కానాగంతలు కూడా పోతాయి," అంది కాసులమ్మ.

"మరి పోనిద్దామా?"

"వద్దు."

విప్పింది. పైడి బద్ద పట్టింది. కాసులమ్మ పైకంట్లోంచి తీసింది, వెనకనుంచి చుట్టింది, బిగించింది. దానయ్య వచ్చి ముడి పట్టుకుని లాగాడు. జారలేదు. పొద్దు నీళ్ళకి తగులుతుండగా ఆ ఇంటి ముక్క పెద్దవలలో కలిసింది.

వల మడుస్తూ దానయ్య కాసులమ్మ పక్కకి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ఇరవై ఏళ్ళు అల్లినదానివి. కళ్ళు మూసుకున్నా కిందా పైనా తెలియని చెయ్యి కాదు నీది. తెలిసి తప్పావా, తెలియక తప్పావా?"

కాసులమ్మ వల మడత ఒకసారి లాగి చూసింది.

"నాకూ అదే అనుమానం," అంది.

ఆ రోజు నుంచి ఆ తీరాన, పిల్లలు మొదటిసారి కండె పట్టేటప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు మూడు కళ్ళు సరిగ్గా అల్లి నాలుగోది తప్పుతారు. దాన్ని అసిరమ్మ కన్ను అంటారు. బద్ద పిల్ల చేతికి ఇచ్చి, "అసిరమ్మ ఇక్కడిదాకా వచ్చింది," అంటారు. పిల్ల వేలు పెట్టి చూపించేదాకా మూడు కెరటాలైనా ముప్ఫై కెరటాలైనా కూర్చుంటారు. పెద్దవాళ్ళు తెలిసి తప్పారా, తెలియక తప్పారా అని ఎవరూ అడగరు. అసిరమ్మని అడిగితే తేలలేదు, ఇక వీళ్ళని అడిగి ఏం లాభం?

ఈ కథ చెప్పేవాళ్ళు కూడా ఒక్కోసారి ఇక్కడే ఆగిపోతారు. ఇక్కడిదాకా వచ్చాను, ఇక్కడినుంచి దారి మర్చిపోయాను అంటారు. మిగిలింది ఊ కొట్టినవాళ్ళు చెప్పాలి.