పాడని పెట్టె

మా పూర్ణయ్య గురువుగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, కబురు వస్తుంది. ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెప్పి, కండువా దులుపుకుని లేచిపోతారు. తర్కంలో ఆరితేరిన పెద్దమనుషులు కొందరు ఈ పద్ధతికి మండిపడి, వచ్చిన బస్సుకే తిరిగి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం మొండివాళ్లం.

మాలో చిదంబరం మంచి మాటకారి. గురువుగారి బోధను ఊరూరా చెప్పిరావడం అతని పని. అతను పద్యం ఎత్తుకుంటే పశువులు కూడా మేత మానేసి వింటాయని మేం ఏడిపించేవాళ్లం. అలాంటివాడు ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏ ఊరు వెళ్లినా జనం తనకు దండలు వేస్తున్నారట, అబ్బ ఏం గొంతు అంటున్నారట. చెప్పిన మాట మాత్రం మర్నాటికి ఒక్కరికీ గుర్తుండటం లేదట.

"మీ మాటకు నేనేం తక్కువ చేశానండీ? నాకు వచ్చిన విద్యంతా దానికే పెడుతున్నాను" అన్నాడు. ఆ గొంతులో నిజంగానే బాధ ఉంది.

గురువుగారు మూలనున్న వీణ వైపు చూశారు. దానికి మెట్లు మళ్లీ వేయించడానికి తీసుకెళ్లినప్పటి కబురు ఎత్తుకున్నారు.

వీణలు చేసే కూర్మాచారిది విజయనగరం అవతల ఒక చిన్న ఊరు. పనసదుంగను తొలిచి, వేలి కణుపుతో తడితే ఖంగుమనేదాకా పలచన చేసే చెయ్యి అతనిది. కూతురు పైడితల్లి ఆ విద్య పట్టలేదు. రోడ్డు మీద కార్లకు స్పీకర్లు బిగించే కొట్టు పెట్టుకుంది. తండ్రికి ఆ పని చిన్నతనంగా తోచి, ఆ కొట్టు గడప తొక్కలేదు. గురువుగారు వెళ్లిననాడు ఆమే తండ్రి పాకకు వచ్చింది, ఎర్రయ్య అనే ఆయన్ని వెంటబెట్టుకుని.

ఎర్రయ్య పేరుమోసిన తప్పెటగుళ్ల ఆటగాడు. రొమ్ము మీద తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, రాత్రంతా గెంతిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు అరిగాయి. తప్పెట ఇంటి చూరుకు ఎక్కింది, ఆయన పాత కారు ఒకటి కొని బాడుగకు తిప్పుకుంటున్నాడు. తన జట్టు ఆడిన ఆటను రికార్డు చేయించుకుని కారులో పెట్టుకుంటాడు. తప్పెట దెబ్బలోని లోతు ధ్వని, అదే బేస్, బాగా పలకాలని పెద్ద స్పీకరు కూడా వేయించాడు. అయినా తృప్తి లేదు.

"ఇనబడతంది తల్లీ. ఇక్కడ తగల్నేదు" అని రొమ్ము మీద చెయ్యి వేసుకుని పైడితల్లికి చూపించాడట.

స్పీకరు మంచిదే, దాన్ని కూర్చోబెట్టిన పెట్టే నాసిరకం అని పైడితల్లి కనిపెట్టింది. చెక్కతో పెట్టె కొత్తగా చెయ్యాలి, అది నీ చేతి మీదే కావాలి అని తండ్రిని అడిగింది. గాలి చొరకుండా ఉండాలంది, చెక్క మందంగా ఉండాలంది. కూతురు తన చేతిపని అడగడమే చాలనుకున్నాడో ఏమో, కూర్మాచారి కొలతలు విన్నాడు గానీ మందం సంగతి చెవిన పెట్టలేదు. మందం కర్ర మొద్దుకర్ర అని అతని నమ్మకం. మంచి పనసచెక్క తీసి, వీణకు తీసినట్టే పలచగా తీసి పెట్టె కట్టాడు. వీణ కొసన చెక్కే యాళి ముఖాలు దీని మూలలకు కూడా చెక్కాడు. కణుపుతో తడితే ఖంగుమంది. ఊళ్లోవాళ్లు వచ్చి చూసి, పెట్టంటే ఇదీ అన్నారు.

కారు డిక్కీలో పెట్టి ఆట వినిపించారు. వీధంతా మోగింది. చుట్టూ చేరినవాళ్లు పెట్టెను తడిమి తడిమి మెచ్చుకున్నారు. ఎర్రయ్య ఒక్కడే రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, బంతిలో కూర్చున్నా వడ్డన అందనివాడిలా చూస్తున్నాడు. కాసేపటికి ఆ చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

"నాన్నా, ఈ పెట్టి పాడతంది. ఇది పాడకూడదు" అంది పైడితల్లి.

కూర్మాచారికి మొహాన కొట్టినట్టయింది. "కర్ర పాడకపోతే మరి నాను సేసిందేటే?" అన్నాడు.

ఆమె వాదించలేదు. ఒకే ఒక్క తప్పెట దెబ్బను విడిగా తీసి, అదే మళ్లీ మళ్లీ వినిపించింది. ఎంత కోపమున్నా అతనివి వీణ చేసేవాడి చెవులు. దెబ్బ పడి ఆగిపోయింది, కర్ర మాత్రం ఇంకా మూలుగుతోంది. ఆ మూలుగు తీరకముందే వచ్చిన రెండో దెబ్బ అందులో మునిగిపోయింది. అతను పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. పెట్టె ఒళ్లంతా వణుకుతోంది. ఎర్రయ్య గుండెకు చేరాల్సిన దాన్ని దారిలో తన కర్రే తినేస్తోందని అతనికి తెలిసిపోయింది. తనే ఆ పెట్టెను దించి, పాకలోకి మోసుకుపోయాడు.

తర్వాత అతను పట్టిన పట్టు చూడాలి. మందపాటి ప్లైవుడ్ తెప్పించి, రెండేసి పొరలు అతికించి, మరలు బిగించి పెట్టె కట్టాడు. అప్పుడు మొదలైంది అసలు పని. కణుపుతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. ఎక్కడ చెక్క కాస్త గొంతు విప్పినా, లోపల సరిగ్గా అక్కడే ఒక అడ్డపట్టీ వేశాడు. కర్రను పాడించే చోటు తెలిసినవాడికి దాని నోరు మూయించే చోటూ తెలుస్తుంది. అతుకుల్లో గాలి చొరకుండా బంక నింపాడు. చివరికి తడితే రాతిగోడను తట్టినట్టు దబ్బుమని ఊరుకుంది.

"ఇంత సచ్చుకర్ర నా జన్మలో సెయ్యలేదు" అని నవ్వాడు. యాళి ముఖాలు లేవు, నగిషీ లేదు. పైన నల్లగుడ్డ చుట్టేసి, తనే మోసుకెళ్లి కూతురి కొట్టులో దించాడు. గడప తొక్కిన సంగతి లోపలికి వెళ్లాక గానీ అతనికి గుర్తు రాలేదట.

పెట్టె బిగించారు. డిక్కీ మూసేశారు. ఎర్రయ్య కారులో కూర్చున్నాడు. మొదటి దెబ్బ పడింది, పడి ఆగింది. రెండోది పడేలోపల మధ్యన మచ్చలేని నిశ్శబ్దం. ఎర్రయ్య చెయ్యి చటుక్కున రొమ్ము మీదికి పోయింది. "తగిలినాది తల్లీ, తగిలినాది" అన్నాడు. తలుపు తీసుకుని దిగి, కారుకు ఆనుకుని నిలబడి, లేని తప్పెటను రెండు చేతులా రొమ్ము మీద వాయించడం మొదలుపెట్టాడు. గెంతలేడు కనక మడమలతోనే అడుగు వేశాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. ఆగినవాళ్ల కాళ్లు కదిలాయి. ఇది ఏ జట్టు, ఎవరు వాయించారు, ఈ ఆట మళ్లీ ఎక్కడ చూడొచ్చని జనం ఎర్రయ్యను చుట్టేశారు. వీణ పని తెమిలేదాకా ఆ ఊళ్లోనే ఉన్న మా గురువుగారు కూడా కాలు కదిపానని ఒప్పుకున్నారు. కొట్టు గుమ్మంలో కూర్మాచారి కూతురి భుజం మీద చెయ్యి వేసి, కళ్ల నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వుతున్నాడట.

కబురు ముగించి గురువుగారు కండువా దులుపుకున్నారు. చిదంబరం ఉండబట్టలేక, "అంత పనిచేసినవాడి పేరు అక్కడ ఎవరూ అడగలేదా?" అన్నాడు.

గురువుగారు లేస్తూ అన్నారు: "ఎర్రయ్య రొమ్ము మీంచి చెయ్యి తీయలేదు నాయనా. కూర్మాచారికి ఇంకేదీ కావలసి రాలేదు."