ఇసక దిబ్బ మీద ఎర్ర తలుపు

అనగా అనగా, ఉప్పుటేరు పోయి సముద్రంలో కలిసే చోట ఒక పల్లె ఉండేదమ్మా. చేపలు పట్టుకునే వాళ్ళ పల్లె. నలభై గుడిసెలు, ఐదు పడవలు. దుప్పటి కప్పుకుని విను మరి.

ఆ పల్లెలో పేరంటాలు అని ఒక కొత్తకోడలు ఉండేది. మొగుడి పేరు ఎల్లాజీ. అత్తగారి పేరు పోలమ్మ. పేరంటాలు చేతిలో మంచి పనితనం ఉండేది. ఎర్రటి జేగురు మట్టిని మెత్తగా నూరి, తుమ్మజిగురు కలిపి గోడకి పూసిందంటే ఆ గోడ అలా చూస్తూ ఉండాలనిపించేది. దాని మీద సున్నంతో చేపలూ, పీతలూ గీసేది. ఊరంతా మెచ్చుకునేది. ఆ మెప్పు పాపం ఆ పిల్లకి కాస్త తలకెక్కింది కూడా.

ఆ ఊళ్ళో ఒక భయం ఉండేది. ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. ఆ మొగలో అటూ ఇటూ నీళ్ళ కింద ఇసక మేటలు. నడుమ రెండు పడవలు పట్టేటంత లోతు దారి. దారి తప్పిన పడవ మేటకి తగులుకుంటుంది. అప్పుడు కెరటం వచ్చి దాన్ని బోర్లా తిప్పేస్తుంది.

అందుకని ఆ దారికి సరిగ్గా ఎదురుగా, ఇసక దిబ్బ మీద తాటిమాను పాతి ఎర్రజెండా కట్టేవాళ్ళు. ఇసక తెలుపు, నురగ తెలుపు, మబ్బు పట్టిన ఆకాశం తెలుపు. అంత తెలుపులో ఎరుపొక్కటే దూరం నుంచి కంటికి ఆనేది.

ఏటేటా ఆ జెండాని సింగారమ్మ చేసిచ్చేది. బట్టలకి రంగులు వేసే ముసలమ్మ. ఏటి గట్టున కోసెడు దూరం నడిస్తే ఆమె ఇల్లు. ఆ ఏడు ఆమెకి జ్వరం తగిలి మంచం పట్టింది.

ఊరిపెద్ద అప్పలకొండ దిగులుపడ్డాడు. అప్పుడు పేరంటాలు ముందుకొచ్చింది.

"నేను చేస్తాను మావా. ఎర్రరంగు పూయడమేగా!"

ఆ తర్వాత కొత్త నేతగుడ్డ తెచ్చింది. గోడకి పూసినట్టే జేగురూ జిగురూ కలిపి పూసింది. ఎండలో ఆరేసింది. గుడ్డ మందారప్పువ్వులా మెరిసింది. ఎల్లాజీ తనే మాను ఎక్కి కట్టాడు. మర్నాడు తెల్లవారగానే ఐదు పడవలూ వేటకి వెళ్ళాయి.

"మూడో రోజు సాయంత్రం పోటుకి వచ్చేస్తాం" అని చెప్పి ఎల్లాజీ పడవెక్కాడు.

రెండో రోజు పొద్దువాలేటప్పుడు గాలి తిరిగింది. ఆ కాలంలో రావలసిన వాన కాదమ్మా అది. అయినా వచ్చింది.

మూడో రోజు పొద్దున పేరంటాలు బిందె తీసుకుని బయటికొచ్చి దిబ్బ వైపు చూసింది. జెండా లేదు. గాలికి కొట్టుకుపోయిందనుకుంది. దగ్గరికి పరుగెత్తింది. జెండా ఉంది! తెల్లగా ఉంది. పూసిన ఎరుపంతా మాను మీదుగా ధారలు కట్టి ఇసకలోకి దిగిపోయింది.

సాయంత్రానికి పోటు. ఐదు పడవలు. పడవకి నలుగురు. తన ఎల్లాజీ ఒకడు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

గబగబా ఇంటికి వెళ్ళి రెండింతలు జిగురు వేసి, చిక్కగా జేగురు కలిపి, ఇంకో గుడ్డకి మందంగా పట్టించింది. పొయ్యి సెగకి ఆరబెట్టింది. ఎవరూ చూడకుండా తీసుకెళ్ళి కట్టింది. గాలి ఒక్క ఊపు ఊపింది. గుడ్డ ముడతపడినచోటల్లా రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి పడింది. మిగిలిన దాన్ని వాన కడిగేసింది.

ఎర్ర చీర కట్టొచ్చుగా అంటావా? ఆ పల్లెలో ఆడవాళ్ళందరూ రోజూ కట్టేవి నీలిమందులో ముంచిన చీరలేనమ్మా. సముద్రం ముందు నీలం ఎవరికి కనిపిస్తుంది?

అప్పుడు పేరంటాలుకి తన పెళ్ళిచీర గుర్తొచ్చింది. పసుపులో తడిపిన చీర. పసుపులో సున్నం పడితే ఎర్రగా మారుతుంది కదా! చీర తీసి సున్నపు తేటలో ముంచింది. ముంచగానే నెత్తురు రంగు వచ్చింది. ఆ పిల్ల ప్రాణం లేచొచ్చింది. దాన్ని తీసుకెళ్ళి మానుకి కట్టి, కింద నిలబడి చూస్తూ ఉంది.

కాసేపు ఎర్రగానే ఉంది. ఆ తర్వాత వానకి సున్నం కొట్టుకుపోయింది. చీర అంచులు ముందు పసుపుపచ్చగా అయ్యాయి. తర్వాత నడుమ కూడా. చూస్తుండగానే చీరంతా పాలిపోయి, ఇసక రంగులో కలిసిపోయింది.

అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మబ్బులో పొద్దు కనిపించదు గాని, వచ్చిందని ఆమెకి తెలుసు. అప్పుడిక ఏటి గట్టు పట్టుకుని సింగారమ్మ ఇంటికి పరుగెత్తింది. రెండు చోట్ల జారి పడింది. మోచేయి కొట్టుకుపోయింది. లేచి మళ్ళీ పరుగెత్తింది.

సింగారమ్మ మంచం మీదే ఉంది. పేరంటాలు గడపలోనే కూలబడి జరిగిందంతా చెప్పేసింది.

"గుడ్డకి మట్టి పూశావా?" అంది ముసలమ్మ. కోపం లేదు ఆ గొంతులో. భయమే ఉంది. "ఏదీ, నీ చెయ్యి ఇలా తే."

ఆ పిల్ల చేతికి గోరింటాకు పండి ఉంది. సింగారమ్మ దాన్ని వేలితో గట్టిగా రుద్దింది. పోలేదు. ఆ తర్వాత నుదుటి మీద వేలు పెట్టి చూపించింది.

"పొద్దున పెట్టుకున్న బొట్టు ఏదీ? వానకి కారిపోయింది. గోరింటాకు పోయిందా? పోదు. అది నీళ్ళలో నాని, రసమై చర్మంలోకి దిగింది. కుంకుమ పొడి పైన కూర్చుంటుంది, అంతే. బట్టకి గోరింటాకు లాంటి రంగు కావాలే. నూలు తాగే రంగు."

"ఆ రంగు నాకియ్యి అవ్వా! నీ కాళ్ళు పట్టుకుంటాను."

"చిరువేరు ఉంది, ఉడికిస్తే ఎరుపు దిగే వేరు. కాని గుడ్డని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టాలి, పటిక పట్టించాలి, ఆరాలి, వేరుతో ఉడకాలి, ఉతకాలి. నాలుగు రోజుల పని. పొద్దుగూకేలోపు ఎక్కడవుతుంది? పసుపులాగా తొందరగా పట్టేది తొందరగానే పోతుంది."

పేరంటాలు ఏడుపు ఆపుకోలేకపోయింది. ముసలమ్మ లేచి కూర్చుంది.

"తిరునాళ్ళకి వెళ్ళేటప్పుడు చెమటకి బొట్టు కారకుండా ఏం చేస్తావు?"

"కింద మైనం రాసుకుని, దాని మీద కుంకుమ అద్దుకుంటాను."

"అదీ! పొడిరంగు దానంతటది నిలవదు, పట్టుకునేదేదో ఉండాలి. జిగురు నీళ్ళలో కరుగుతుంది. నూనె కరగదు. మీ పడవలకి రంగు దేంతో కలుపుతారు?"

"సొరచేప నూనె, గుగ్గిలం వేసి కాచి..."

"అదే కలుపు. గుడ్డకి మాత్రం పూయకు, ఊగి పెచ్చులూడుతుంది. కదలని దానికి పూయి. వెడల్పాటి చెక్కకి పూయి. వెళ్ళు, ఇంక నాతో మాట్లాడకు, వెళ్ళు!"

పేరంటాలు వెనక్కి పరుగెత్తింది. పరుగెడుతూ ఒకటే ఆలోచన. చెక్క ఎక్కడుంది? చెక్కలన్నీ పడవలై సముద్రం మీద ఉన్నాయి. ఆ ఊరి గుడిసెలకి తాటాకు తడికలే గాని తలుపులు లేవు. ఒక్క తన అత్తగారింటికే తలుపు ఉంది. పోయిన మావగారు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన టేకు పలకలు ఏరి తన చేత్తో చేసిన తలుపు. పోలమ్మ రోజూ దానికి నూనెగుడ్డ రాసి తుడుచుకునేది. ఎవరినీ దాని మీద గోరు కూడా గీయనిచ్చేది కాదు.

ఇల్లు చేరేసరికి పోలమ్మ వాకిట్లో నిలబడి దిబ్బ వైపే చూస్తోంది. పాలిపోయిన పెళ్ళిచీర ఊగుతోంది అక్కడ.

"అత్తా, తప్పు నాది" అంది పేరంటాలు. రొప్పుతూ అంతా చెప్పింది. తలుపు మాట మాత్రం నోట్లోనే ఆగిపోయింది.

పోలమ్మ కోడలి ముఖంలోకి చూసింది. వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి గునపం తెచ్చింది. తలుపు సందున గునపం పెట్టి తనే ఊడదీసింది.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. నూనె పొయ్యి మీద పెట్టు."

ఇరుగూ పొరుగూ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒకరు నూనె కాచారు. ఒకరు గుగ్గిలం దంచారు. పేరంటాలు జేగురు నూరింది. వేడి వేడి నూనెలో ఎర్రమట్టి కలిపి, కొబ్బరి పీచుతో తలుపంతా పట్టించింది. అరచేతులు బొబ్బలెక్కాయి. తడి ఆరే పొద్దు లేదు. అలాగే ఎనిమిదిమంది తలుపుని నెత్తిన పెట్టుకుని దిబ్బ ఎక్కారు. తాటిమానుకి ఆనించి నిలువుగా నిలబెట్టి మోకులతో కట్టారు.

వాన తలుపు మీద పడింది. చినుకులు ముత్యాల్లా గుండ్రంగా జారిపోయాయి. ఎరుపు జారలేదు. పేరంటాలు ముఖం దగ్గరగా పెట్టి మరీ చూసింది. కింద ఇసక వంకా చూసింది. ఒక్క ఎర్ర చుక్క లేదు.

అప్పుడు పోటు మొదలైంది. అందరూ సముద్రం వైపు చూశారు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నురగల అవతల ఒక నల్లచుక్క. తర్వాత రెండు. పడవలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. జెండా కోసం వెతుకుతున్నాయి. ఒక పడవ మేట వైపు మళ్ళింది. ఒడ్డున ఆడవాళ్ళు కేకలు పెట్టారు. గాలికి కేక వినపడుతుందా?

అంతలో ఆ పడవ ముక్కు తిరిగింది. తిన్నగా ఎర్ర తలుపు వైపు తిరిగింది. ఒకటి మొగ దాటింది. రెండు. మూడు. నాలుగు.

ఐదోది లేదు. ఐదోది ఎల్లాజీది.

పోలమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది. ఇద్దరి చేతులూ నూనెతో, ఎర్రమట్టితో జిగటగా ఉన్నాయి. వెలుగు తగ్గుతోంది. పేరంటాలు రెప్ప వేయలేదు. రెప్ప వేస్తే ఆ లోపు ఏమైనా అయిపోతుందేమోనని భయం.

అప్పుడు ఒక పెద్ద కెరటం లేచింది. ఆ కెరటం భుజం మీద, తెరచాప చిరిగిన ఐదో పడవ! చుక్కాని దగ్గర ఎల్లాజీ. కళ్ళు తలుపు మీదే పెట్టి, అటూ ఇటూ చూడకుండా మొగ దాటి వచ్చేశాడు.

ఒడ్డున దిగి, తడిసి ముద్దయినవాడు తల్లిని అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"అమ్మా, మన ఇంటి తలుపు అక్కడెందుకుంది?"

పోలమ్మకి అప్పుడు ఏడుపొచ్చింది. పేరంటాలు మాత్రం ఏడవలేదు. అందరి ముందూ నిలబడి, "జెండాకి నేను గోడరంగు పూశాను. తెలియకపోయినా తెలుసునన్నాను. మీ ప్రాణాల మీదికి తెచ్చాను" అంది.

అప్పలకొండ మావ, "రేపట్నుంచి సింగారమ్మ దగ్గరికెళ్ళి ఆ పని నేర్చుకో" అన్నాడు. అంతే అన్నాడు.

ఆ తర్వాత పేరంటాలు రోజూ ఏటి గట్టున నడిచి వెళ్ళింది. కరక్కాయ కషాయంలో గుడ్డ నానబెట్టడం, పటిక పట్టించడం, చిరువేరు ఉడికించడం నేర్చుకుంది. నాలుగు రోజులకి గుడ్డ ఎర్రబడింది. తను నమ్మలేదు. ఏట్లో ఉతికింది. రాతికేసి బాదింది. ఇరవైసార్లు ఉతికాక, నీళ్ళు తేటగా వచ్చాక, అప్పుడు ఊరికిచ్చింది.

ఆ జెండా ఎన్ని వానలకి తడిసినా తెల్లబడలేదమ్మా. అయినా సరే, చినుకు పడిందంటే చాలు, పేరంటాలు చేతిలో పని వదిలేసి దిబ్బ ఎక్కి చూసొచ్చేది. ముసలిదైపోయాక కూడా, కర్ర పట్టుకుని వెళ్ళి చూసొచ్చేది.

నూలు తాగిన రంగు నీళ్ళకి జంకలేదు,
నూనె పట్టిన రంగు చెక్కని వదల్లేదు.
కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ కంటి దారి పట్టింది.