నీలేటి పిల్లికి పేరొచ్చిన కథ

అనగనగా ఒక ఊరు, ఆ ఊరికి ఒకే ఒక్క వీధి ఉండేదట తల్లీ. కాళ్ళు చాపుకో, దుప్పటి కప్పుతా. ఆ వీధి పక్కనే నీలేరు అని ఒక ఏరు పారేది. అందుకని దాన్ని నీలేటి వీధి అనేవాళ్ళు. నలభై ఇళ్ళు, నలభై మగ్గాలు.

ఆ నలభై మగ్గాల మీదా ఒకటే చీర నేసేవాళ్ళు. బూడిదరంగు చీర మీద నల్లచారలు. ఒక సన్నచార, ఒక లావుచార, మళ్ళీ సన్నచార. వీధి పేరే చీరకీ వచ్చింది. నీలేటి చీర అనేవాళ్ళు. కానీ నేసినవాళ్ళ ఇళ్ళల్లో ఒక్కటీ ఉండేది కాదు. మగ్గం దిగిన చీర దిగినట్టే ఓడలెక్కి ఎక్కడెక్కడి దీవులకో వెళ్ళిపోయేది.

మరి ఏ చారకి ఎన్ని పోగులో వాళ్ళకెలా తెలుసు అంటావా? అసలు తెలీదే! చీర కోసేటప్పుడు మగ్గం మీద మూరెడు కొస వదిలేసేవాళ్ళు. కొత్త నూలు తెచ్చి, ఆ కొసకి ఒక్కో పోగే అతికేవాళ్ళు. నల్లదానికి నల్లది, బూడిదదానికి బూడిదది. తాతల నాటి నుంచీ అలా కొసకి కొస. ఎవరూ లెక్కపెట్టలేదు, ఎవరూ రాసుకోలేదు.

అప్పుడు ఒక వానాకాలం నీలేరు వీధిలోకి వచ్చేసింది. మొదట గడప దాకా వచ్చింది. ఆ తర్వాత మగ్గం గుంటలోకి దిగింది. ఆ తర్వాత నడుం దాకా లేచింది. జనం పిల్లల్ని చంకనేసుకున్నారు. మగ్గానికి అచ్చు ఉంటుందే, దువ్వెనలాంటిది, అది మళ్ళీ దొరకదని గబగబా పోగులు కోసి అచ్చుల్ని లాక్కున్నారు. కొసలు నీళ్ళలో పోయాయి. కొస పోతే చారే పోతుందని ఆ హడావిడిలో ఒక్కరికీ తట్టలేదు.

నలభై ఇళ్ళవాళ్ళూ నలభై ఊళ్ళకి చెదిరిపోయారు. వాళ్ళల్లో చౌడమ్మ అని ఒక కోడలు, శంకరమ్మ అని ఆవిడ అత్త. ఇద్దరూ ఒక గుట్ట కింద ఊళ్ళో మగ్గం పెట్టుకున్నారు. అత్తకి చూపు మసకబారుతోంది. రోజూ ఒకటే మాట.

"చౌడమ్మా, కళ్ళు పూర్తిగా పోకముందే ఒక్కసారి నీలేటి చీర చూపించవే."

చౌడమ్మ తనకి గుర్తున్నట్టు నేసింది. సన్నచారకి నాలుగు పోగులు, లావుచారకి పన్నెండు. అత్త దాన్ని వెలుగులోకి పట్టుకుని చూసింది. "ఇది చీరటే? గోనెపట్టాలా ఉంది."

అప్పుడు చౌడమ్మ పక్కూరు వెళ్ళి ఆడపడుచుని అడిగింది. ఆరూ పద్దెనిమిదీ అంది ఆడపడుచు. అలాగే నేసింది. అత్త కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "బాగుందే. కానీ మనది కాదు" అంది.

ఆ తర్వాత పెద్దమామ దగ్గరికి వెళ్ళింది. "ఐదూ పదిహేనూ! నలభై ఏళ్ళు నేశాను, నాకు తెలీదా?" అని ఆయన మీసం దువ్వాడు. అలాగే నేసింది. అత్త ఆ చీరని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ పెద్దమామకి మగ్గం మీద కునుకు తియ్యడం ఒక్కటే తెలుసు" అంది. అని నవ్విందనుకున్నావా? ఏడ్చింది తల్లీ.

మర్నాడు ఎండలో కూచున్న అత్త ఉన్నట్టుండి కేకేసింది. "చౌడమ్మా! అదిగోనే! మన వీధే, గోడ మీద నడిచిపోతోంది!"

చౌడమ్మ పరిగెత్తుకొచ్చింది. గోడ మీద ఒక పిల్లి. బూడిదరంగు ఒళ్ళు, ఒంటి మీద నల్లచారలు. "నీలేటీ!" అని పిలిచింది అత్త. పిల్లి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది.

చౌడమ్మకి ప్రాణం లేచొచ్చింది. పిల్లిని ఒడిసి పట్టుకుని చారలు లెక్కపెట్టింది. కుడిపక్క ఏడు. ఎడమపక్క తొమ్మిది. మెడ దగ్గర రెండు చారలు కలిసి ఒకటైపోయాయి. ఆఁ, గీరింది మరి, గీరదా? నిన్ను పట్టుకుని లెక్కపెడితే ఊరుకుంటావా?

"అత్తా, దీని లెక్క ఏదీ కలవట్లేదు. దీన్ని చూసి నెయ్యలేను" అంది చౌడమ్మ, చేతి మీద రక్తం తుడుచుకుంటూ.

"నెయ్యొద్దులేవే. దానికి ఇన్ని పాలు పొయ్యి" అంది అత్త. "ఆ పేరు గట్టిగా పిలిచి ఎన్నాళ్ళయిందో! పిలిస్తే తిరిగి చూసింది. నాకది చాలు."

ఆ తర్వాత అత్త రోజూ పొద్దుగుంకే వేళ పిలిచేది. అది విని ఆడపడుచు తన ఇంటి చారలపిల్లినీ అలాగే పిలిచింది. పెద్దమామా పిలిచాడు. అలా అలా నలభై ఊళ్ళకీ పాకింది. ఆ వీధి ఎక్కడుండేదో తెలీనివాళ్ళు కూడా చారలపిల్లి కనిపిస్తే చాలు, నీలేటి పిల్లి అనడం మొదలుపెట్టారు.

చౌడమ్మ ఆ చీర మళ్ళీ నెయ్యలేదు. అత్త పోయాక కూడా సాయంత్రం కాగానే పాలు పోసి, గుమ్మంలో నిలబడి "నీలేటీ!" అని పిలిచేది. పిల్లి వచ్చేది, పాలు తాగేది, వెళ్ళిపోయేది. చౌడమ్మ మాత్రం ఇంకాసేపు అక్కడే నిలబడేది, ఇంకా ఎవరో రావాల్సి ఉన్నట్టు.

కథ వెళ్ళింది కంచికి,
పిల్లి చేరింది పంచకి,
నీలేరు పోయింది సంద్రానికి,
మనం వచ్చాం మంచానికి.